ఏ పేపర్ నమ్మాలి మేడమ్? వార్తల్లో, పరిశోధనల్లో రాజకీయ మొగ్గును పట్టుకోవడం ఎలా

బీఏ చివరి సంవత్సరం అమ్మాయి ఒకరు అమరావతి మీద ప్రాజెక్టు రాసి తెచ్చింది. నలభై పేజీలు. పడిన కష్టం ప్రతి పేజీలో కనిపిస్తోంది. వెనక ఆధారాల పట్టిక తిప్పి చూశాను. ఇరవై రెండు వార్తలు, అన్నీ ఒకే పేపరువి. ఎందుకమ్మా అని అడిగితే, "మా ఇంట్లో అదే వేయించుకుంటాం మేడమ్" అంది. మరుసటి వారం ఇంకో అబ్బాయి అదే అంశం మీద తెచ్చాడు. అతనిదీ అంతే, కాకపోతే పేపరు వేరు. రెండు ప్రాజెక్టులూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, గుంటూరుకు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒకే నేల గురించి రాసినట్టు లేదు. రెండు వేరే రాష్ట్రాల కథల్లా ఉన్నాయి.

ఇద్దరిలో ఎవరూ అబద్ధం రాయలేదు. అమ్మాయి రాసిన భూసమీకరణ (రైతులు ఒప్పందంతో భూమి ఇవ్వడం) వివరాలు నిజం. అబ్బాయి రాసిన అసైన్డ్ భూముల (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూముల) ఫిర్యాదులు నిజంగా వచ్చినవే. పక్షపాతం అంటే అబద్ధం అని మనం అనుకుంటాం కాబట్టి అబద్ధం కోసం వెతుకుతాం, దొరక్కపోతే ఆ పేపర్ మంచిదే అనుకుంటాం. కానీ తెలుగు పత్రికల్లో పక్షపాతం ఎక్కువగా ఉండేది ఎంపికలో. దేన్ని మొదటి పేజీలో వేశారు, దేన్ని లోపలి పేజీలో సింగిల్ కాలమ్ చేశారు, దేన్ని అసలు వేయలేదు అన్నదాంట్లో ఉంటుంది.

తర్వాత ఇద్దరూ కలిసి వచ్చి అడిగారు, "మరి ఏ పేపర్ నమ్మాలి మేడమ్?" అని. ఆ ప్రశ్నకు నా దగ్గర పేరు లేదు. ప్రశ్ననే కొంచెం మార్చుకోమన్నాను. ఈ విషయంలో ఈ పేపరుకు ఏం చెప్పే అవసరం ఉంది? ఆ అవసరానికి అడ్డం వచ్చినా సరే ఏం చెప్పింది? ఈ రెండో దానికి దొరికే జవాబే మీ ప్రాజెక్టుకు గట్టి పునాది. కోర్టులో కూడా ఒక మనిషి తన ప్రయోజనానికి విరుద్ధంగా ఒప్పుకున్న మాటకు బరువెక్కువ. కింద చెప్పే పనులన్నీ ఆ బరువైన మాటను వెతికి పట్టుకోవడానికే.

మొదటి పని: మీ ఇంటి పేపరుతో మొదలుపెట్టండి

ఒక కాగితం తీసుకుని నాలుగు విషయాలు రాయండి. చిన్నప్పటి నుంచి ఇంట్లో వేయించుకునే పేపర్ ఏది, నాన్న రాత్రి పెట్టే న్యూస్ చానల్ ఏది, పోయిన రెండు ఎన్నికల్లో ఇంట్లో ఎవరు గెలవాలనుకున్నారు, ఈ ప్రాజెక్టు అంశంలో మీ ఊరికి, మీ బంధువులకు, మీ కులానికి లాభనష్టం ఏమైనా ఉందా. ఎవరికీ చూపించక్కర్లేదు. నాకు కూడా చూపించొద్దు. కానీ రాయండి. మనసులో అనుకోవడం వేరు, రాసి చూసుకోవడం వేరు. నేను పుట్టి పెరిగిన గుంటూరు బ్రాడీపేట ఇంట్లో ఒకటే పేపర్ వచ్చేది. పీజీకి వచ్చేదాకా రెండో పేపరు భాషే నాకు కోపం తెప్పించేది. అది తప్పుగా రాసిందా లేదా అని చూసేంత ఓపిక కూడా ఉండేది కాదు.

ఈ పని ముందే ఎందుకు చేయాలంటే, పక్షపాతం ఎదుటివాళ్ల వైపు ఉన్నప్పుడే మన కంటికి కనబడుతుంది. 1985లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వల్లోన్, రాస్, లెప్పర్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 1982లో బీరుట్‌లోని సబ్రా, షతీలా శిబిరాల్లో జరిగిన ఊచకోత మీద వచ్చిన టీవీ వార్తలను ఇజ్రాయెల్‌ను సమర్థించే విద్యార్థులకు, అరబ్బులను సమర్థించే విద్యార్థులకు చూపించారు. చూసింది ఒకే వార్తలు. అయినా రెండు వర్గాలూ ఆ వార్తలు తమకు వ్యతిరేకంగా ఉన్నాయన్నాయి. మన దగ్గర "ఎల్లో మీడియా", "బ్లూ మీడియా" అని తిట్టుకునే ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఈ ప్రయోగం రోజూ జరుగుతోంది. కాబట్టి ఒక వార్త చదవగానే ఒళ్లు మండితే, ఆ మంటను ఆధారంగా తీసుకోకండి. పక్కన పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టుకుని, ఆ వార్తను మామూలుకన్నా నెమ్మదిగా మళ్లీ చదవండి.

రెండో పని: యజమాని ఎవరో తెలుసుకోవడం

ప్రతి పేపరు చివరి పేజీ అడుగున చీమలంత అక్షరాలతో ఒక లైను ఉంటుంది. ముద్రించింది ఎవరు, ప్రచురించింది ఎవరు, ఎడిటర్ ఎవరు, ఏ సంస్థ తరఫున అన్నది అందులో ఉంటుంది. దాన్ని చదివిన విద్యార్థి నాకు ఇంతవరకు తారసపడలేదు. ఇంకా మంచి ఆధారం ఒకటుంది. 1956 నాటి నిబంధనల ప్రకారం ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే సంచికలో ఫారం-4 అనే ప్రకటన వేయాల్సి ఉండేది. యజమానుల పేర్లు, పెట్టుబడిలో ఒక శాతం కంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్ల పేర్లు అందులో చెప్పాల్సి వచ్చేది. 2024 మార్చి 1 నుంచి పత్రికల రిజిస్ట్రేషన్‌కు కొత్త చట్టం వచ్చింది కానీ, గ్రంథాలయంలో పాత ఫైళ్లు తిప్పితే మార్చి మొదటి రోజుల సంచికల్లో ఆ ప్రకటనలు దొరుకుతాయి. విజయవాడ, గుంటూరు గ్రంథాలయాల్లో అడిగితే బైండు చేసిన పాత పేపర్లు తీసి ఇస్తారు. ఒక పూట కేటాయించండి.

అందరికీ తెలిసిన సంగతులను కూడా కాగితం మీద పెట్టుకోవాలి. సాక్షి 2008లో వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి కుటుంబం ఆధ్వర్యంలో మొదలైంది. ఈనాడును 1974లో విశాఖపట్నంలో రామోజీరావు స్థాపించారు. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చినప్పుడు ఆ పత్రిక ఇచ్చిన మద్దతు రాజకీయ చరిత్రలో భాగం. ఆంధ్రజ్యోతి 1960లో మన విజయవాడలోనే పుట్టి, 2000లో ఆగిపోయి, 2002లో వేమూరి రాధాకృష్ణ నాయకత్వంలో మళ్లీ వచ్చింది. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు జగన్ ఈనాడు, ఆంధ్రజ్యోతి, టీవీ5 పేర్లు సభల్లోనే చెప్పి విమర్శించేవారు. విశాలాంధ్ర సీపీఐది, ప్రజాశక్తి సీపీఎంది. ఈ రెండూ ఆ సంగతి దాచుకోవు.

అలా దాచుకోకపోవడం విద్యార్థికి ఉపకారమే అని నా అభిప్రాయం. అంగన్‌వాడీ జీతాలు, మున్సిపల్ కార్మికుల సమ్మె, కౌలు రైతుల కార్డులు లాంటి అంశాల్లో పెద్ద పేపర్లు రెండు లైన్లతో వదిలేసిన వివరాలు ఈ చిన్న పార్టీ పేపర్లలో దొరుకుతాయి. వాళ్ల వ్యాఖ్య పక్కన పెట్టి వివరం తీసుకోవచ్చు. పార్టీ పేపర్ అని తెలిసి వాడటం కన్నా, తటస్థం అనుకుని పార్టీ పేపర్‌ను వాడటమే ఎక్కువ ప్రమాదం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో వెతికితే ఆల్‌సైడ్స్ లాంటి అమెరికా సైట్లు పత్రికలకు లెఫ్ట్, సెంటర్, రైట్ అని ముద్రలు వేసి చూపిస్తాయి. ఆ కొలబద్ద మన పేపర్లకు సరిపోదు. ఆంధ్రలో రెండు పెద్ద ప్రాంతీయ పార్టీల మధ్య సంక్షేమం, ఆర్థిక విధానం విషయాల్లో తేడా అంత పెద్దది కాదు. మన మొగ్గులు నాయకుడి చుట్టూ, పార్టీ చుట్టూ, కులం చుట్టూ, ప్రాంతం చుట్టూ తిరుగుతాయి. కోస్తా పేపరు కర్నూలు హైకోర్టు డిమాండ్‌ను ఎంత చోటులో వేసిందో చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

మూడో పని: ఒకే రోజు, మూడు పేపర్లు, ఒక టేబుల్

అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది ఇదే. మీ అంశానికి సంబంధించి పెద్ద సంఘటన జరిగిన మరుసటి రోజు తేదీ ఒకటి ఎంచుకోండి. ఆ తేదీవి కనీసం మూడు పేపర్లు తెచ్చుకోండి. రెండు ఎదురెదురు వైపులవి, ఒకటి ఇంగ్లిష్‌ది లేదా వామపక్షానిది. ఈ-పేపర్ అయితే పూర్తి పేజీ కనిపించేలా చూడండి. వెబ్‌సైట్ లింకు సరిపోదు, ఎందుకంటే వార్త ఏ పేజీలో, ఎంత చోటులో వచ్చిందో అందులో తెలియదు. జిల్లా పేజీలు కూడా కావాలి. మెయిన్‌లో లేని వార్త చాలాసార్లు జిల్లా టాబ్లాయిడ్‌లో మూడో పేజీకి చేరుతుంది.

ముందు చదవకండి, కొలవండి. స్కేలు తీసుకుని ఎన్ని కాలమ్‌లు, పతాక శీర్షికా కాదా, ఫొటో ఉందా, ఉంటే ఎవరిది, ఆ ముఖం నవ్వుతోందా చిరాకుగా ఉందా, అది ఆ రోజుదా ఫైల్ ఫొటోనా అని రాసుకోండి. తర్వాత ఒక్కో వార్తలో ఎవరెవరు మాట్లాడారో పేర్లు రాయండి. ఆరోపణ ఎదుర్కొన్న మనిషి జవాబు ఉందా? ఉంటే ఎన్నో పేరాలో ఉంది? చివరి పేరాలో అర వాక్యం ఉంటే దాన్ని జవాబు తీసుకున్నట్టు లెక్కేయకండి. ఆఖరున మూడు పేపర్లలోనూ ఉన్న వాస్తవాలకు ఆకుపచ్చ గీత, ఒక్కదాంట్లోనే ఉన్నవాటికి ఎర్ర గీత గీయండి. ఆకుపచ్చవి దాదాపు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఎర్రవన్నీ తప్పని అనుకోకండి. వాటి ఆధారం మీరే వెతకాలి, అంతే.

ఒక ఉదాహరణ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. ఎగువ నుంచి వచ్చిన పడవలు గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లను (గేట్లకు సమతూకంగా ఉండే బరువు దిమ్మెలను) గుద్దాయి. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఆ పడవలు ఎవరివి, తాళ్లు తెగి వచ్చాయా లేక కావాలని వదిలారా అన్న దగ్గర పేపర్లు చీలిపోయాయి. "పడవలు కొట్టుకొచ్చాయి" అని ఒక వాక్యం. "పడవలు వదిలారు" అని ఇంకో వాక్యం. తెలుగులో కర్తను చెప్పకుండానే క్రియ ఒక్కటే నేరాన్ని మోపగలదు. అది గమనించిన రోజున నా విద్యార్థుల చదివే తీరే మారిపోయింది. అందుకే తర్వాతి పని క్రియల గురించి.

నాలుగో పని: క్రియల కింద గీత గీయడం

నాయకుడు ఏదో మాట్లాడాడు. వార్త చివర ఏ క్రియ ఉందో చూడండి. "అన్నారు", "చెప్పారు" అని ఉంటే విలేకరి తన తీర్పు కలపలేదు. "వెల్లడించారు" అంటే దాగి ఉన్న నిజాన్ని బయటపెట్టినట్టు. "స్పష్టం చేశారు" అంటే ఇక సందేహం లేనట్టు. "ఎండగట్టారు" అంటే ఎదుటివాడి తప్పు రుజువైనట్టు. "బుకాయించారు" అంటే చెప్పింది అబద్ధమని పేపరే తేల్చేసినట్టు. "అక్కసు వెళ్లగక్కారు" అంటే ఆ విమర్శకు కారణం కుళ్లు తప్ప ఇంకేం లేదని. ఒకే ప్రెస్ మీట్ మీద రెండు పేపర్లు "ధ్వజమెత్తారు", "నోరుపారేసుకున్నారు" అని రాస్తే, అక్కడ మాట్లాడిన మాటలు మనకు ఇంకా తెలియనట్టే. వీడియో దొరికితే చూసి, ఆ మాటలనే రాసుకోండి.

ఆధారం లేని మాటకు మన పేపర్లలో కొన్ని అలవాటైన ముసుగులున్నాయి. "అని సమాచారం", "అని తెలుస్తోంది", "రాజకీయ వర్గాల్లో చర్చ సాగుతోంది", "విశ్వసనీయ వర్గాల భోగట్టా". ఇవి తగిలిన వాక్యాన్ని ప్రాజెక్టులో వాస్తవంగా రాయొద్దు. శీర్షిక చివర ఆశ్చర్యార్థకం వచ్చినా అదే సంగతి. తెలుగు శీర్షికల్లో ఆ గుర్తుకు చాలాసార్లు "మాకూ ఖాయంగా తెలియదు" అనే అర్థం. శీర్షికలో ఒక మాట చుట్టూ ఒంటి కోట్స్ పెట్టి 'దందా', 'స్కామ్' అని వేస్తే, ఆ మాట ఎవరన్నారో లోపల వెతకండి. ఎవరూ అనకపోతే అది పేపరు ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు మాట.

పిలిచే తీరు కూడా చూడండి. ఒకరిని పదవితో సహా "ముఖ్యమంత్రి" అని, ఇంకొకరిని ఒట్టి పేరుతో రాయడం. ఒకరికి "అన్నారు", ఇంకొకరికి "అన్నాడు". పోలీసు కేసు పెట్టిన మర్నాటి నుంచే కొందరికి బహువచనం పోతుంది. నేరం రుజువు కావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.

అమరావతి విషయంలో అయితే మాటల మీదే సగం యుద్ధం నడిచింది. భూసమీకరణ వేరు, భూసేకరణ వేరు. మొదటిది 2014 నాటి సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టం కింద రైతు ఒప్పందంతో భూమి ఇచ్చి, బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు, ఏటా కౌలు తీసుకునే పద్ధతి. రెండోది 2013 నాటి కేంద్ర చట్టం కింద పరిహారం ఇచ్చి ప్రభుత్వం తీసుకునేది. ఈ రెండు మాటలనూ కలిపేసి రాసిన వార్త కనిపిస్తే, విలేకరికి తెలియక రాశాడో, తెలిసే రాశాడో కానీ, ఆ వార్తలో మిగతా లెక్కలు కూడా సరిచూసుకోవాల్సిందే. అదే రైతులను ఒకరు "త్యాగధనులు" అంటారు, ఇంకొకరు "పెయిడ్ ఆర్టిస్టులు" అన్నారు. మీరు "భూమి ఇచ్చిన రైతులు" అని రాయండి. మొదట్లో చప్పగా అనిపిస్తుంది. ఆ చప్పదనమే మీకు కావాల్సింది.

ఐదో పని: అంకె నిజమే, మరి పక్కన ఏ అంకె లేదు?

2024 అసెంబ్లీ ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 11 సీట్లు వచ్చాయి. అదే ఎన్నికల్లో ఆ పార్టీకి సుమారు 39 శాతం ఓట్లు వచ్చాయి. "ప్రజలు తుడిచిపెట్టేశారు" అని రాసేవాళ్లు మొదటి అంకె వేస్తారు. "ప్రతి పదిమందిలో నలుగురు మావైపే" అనేవాళ్లు రెండోది వేస్తారు. ఇప్పుడు 2019కి వెళ్లండి. తెలుగుదేశానికి 23 సీట్లు, ఓట్లు మళ్లీ సుమారు 39 శాతమే. ఐదేళ్లలో ఇరువైపుల వాళ్లూ తమ అంకెను ఎదుటివాళ్లకు ఇచ్చి, ఎదుటివాళ్ల అంకెను తాము తీసుకున్నారు. మీ ప్రాజెక్టులో రెండు ఎన్నికలకూ రెండు అంకెలూ రాస్తే చాలు, మీరు ఏ వ్యాఖ్యా చేయకుండానే పాఠకుడికి మన ఎన్నికల పద్ధతి అర్థమవుతుంది.

రాష్ట్రం అప్పు గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఒకరి అంకె ఇంకొకరి దానికి రెట్టింపు దాకా ఉండొచ్చు. ప్రభుత్వం నేరుగా తీసుకున్న అప్పు మాత్రమేనా, కార్పొరేషన్లకు ఇచ్చిన గ్యారంటీలు కూడా కలిపారా, కాంట్రాక్టర్ల పెండింగ్ బిల్లులు కలిపారా? బడ్జెట్ పత్రాల్లో ఒకే ఏడాదికి మూడు అంకెలుంటాయి. మొదటి అంచనా, సవరించిన అంచనా, అసలు లెక్క. మొదటి ఏడాది అంచనాను రెండో ఏడాది అసలు లెక్కతో పోల్చి "పెరిగింది", "తగ్గింది" అనేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. అసలు లెక్కను అసలు లెక్కతోనే పోల్చండి. ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ నివేదికల్లో అది దొరుకుతుంది, ఆలస్యంగా అయినా.

ఆరో పని: వార్తను వదిలి పత్రం దగ్గరికి

తీర్పు మీద వార్త కన్నా తీర్పు మేలు. జీవో మీద వార్త కన్నా జీవో మేలు. రాజధాని కేసులో 2022 మార్చి 3న హైకోర్టు ఇచ్చిన తీర్పు చాలా పెద్దది, మొత్తం చదవలేరు. చివర్లో ఇచ్చిన ఆదేశాల భాగం చదవండి. జీవోల విషయంలో ఒక చిక్కుంది. 2021 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం వాటిని వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది, 2024లో మళ్లీ మొదలైంది. మధ్య కాలానివి కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ప్రాజెక్టు ఇచ్చిన వారంలోనే పెట్టాలి, సబ్మిషన్ ముందు వారం టెన్షన్ పడి ప్రయోజనం లేదు. అభ్యర్థుల ఆస్తులు, కేసులు కావాలంటే వాళ్లే ఎన్నికల సంఘానికి ఇచ్చిన అఫిడవిట్లు ఉన్నాయి. ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) సంస్థ వాటిని వెతుక్కోవడానికి వీలుగా పెట్టింది.

పత్రం అయినంత మాత్రాన తటస్థం కాదు. ప్రభుత్వ శ్వేతపత్రం కూడా ఒక పక్షం వాదనే. అందులో అంకెలు తీసుకోండి, విశేషణాలు వదిలేయండి.

తెలియని వెబ్‌సైట్ తగిలినప్పుడు ఆ సైట్‌లోనే కూర్చుని "మా గురించి" పేజీ చదువుతూ ఉండకండి. వాళ్ల గురించి వాళ్లు మంచే చెప్పుకుంటారు. 2017లో వైన్‌బర్గ్, మెక్‌గ్రూ అనే పరిశోధకులు పదిమంది చరిత్ర పరిశోధకులను, పదిమంది ఫ్యాక్ట్ చెకర్లను, పాతికమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కూర్చోబెట్టి కొన్ని సైట్లను అంచనా వేయమన్నారు. విద్యార్థులతో పాటు పీహెచ్‌డీలున్న చరిత్రకారుల్లోనూ కొందరు అందమైన లోగో, డొమైన్ పేరు చూసి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు సైట్ తెరిచిన కాసేపటికే కొత్త ట్యాబ్ తీసి, ఈ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. తక్కువ చదివి, ఎక్కువ తెలుసుకున్నారు. మీరూ అదే చేయండి.

ఏడో పని: పరిశోధన అని పేరున్న ప్రతిదాన్నీ అడగాల్సినవి

"కమిటీ చెప్పింది" అనగానే మా పిల్లలు తల వంచేస్తారు. రాజధాని కథలో కమిటీలను వరసగా పెట్టి చూడండి. విభజన చట్టం ప్రకారం కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. విజయవాడ-గుంటూరు మధ్య ఒకే మహానగరం కట్టడం మీద అభ్యంతరం చెప్పి, వికేంద్రీకరణ మేలంది. కొద్ది రోజులకే, సెప్టెంబరు మొదట్లో, అప్పటి ప్రభుత్వం విజయవాడ పరిసరాల్లోనే రాజధాని అని ప్రకటించింది. ఆ ప్రభుత్వం వేసుకున్న సలహా కమిటీకి అధ్యక్షుడు ఒక మంత్రి. తర్వాతి ప్రభుత్వం జి.ఎన్. రావు కమిటీ వేసింది. ముఖ్యమంత్రి అసెంబ్లీలో మూడు రాజధానుల మాట ఎత్తింది 2019 డిసెంబరు 17న. కమిటీ నివేదిక చేతికి వచ్చింది డిసెంబరు 20న. 2020 జనవరి మొదట్లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ నివేదిక కూడా అటువైపే వచ్చింది.

తేదీలు ఇలా పక్కపక్కన రాస్తే చాలు. నిర్ణయం ముందా, నివేదిక ముందా? నివేదిక ముందొస్తే నిర్ణయం దాన్ని పట్టించుకుందా? ఎవరు వేశారు, డబ్బు ఎవరిచ్చారు, ఏ ప్రశ్నకు జవాబు చెప్పమన్నారు? ఆఖరిది ముఖ్యం. "రాజధాని ఎక్కడ ఉండాలి" అని అడిగితే ఒక జవాబు వస్తుంది, "రాష్ట్రమంతా సమానంగా ఎలా అభివృద్ధి చెందాలి" అని అడిగితే ఇంకొకటి వస్తుంది. అందుకని జవాబు కన్నా ముందు ప్రశ్న చదవండి. దాన్ని నివేదిక మొదటి పేజీల్లోనే, పరిశీలనాంశాలు అనే చోట రాసి ఉంచుతారు.

థింక్‌ట్యాంకుల పేర్లన్నీ గంభీరంగా ఉంటాయి, పేరు చూసి తేల్చలేం. శ్యామాప్రసాద్ ముఖర్జీ రీసెర్చ్ ఫౌండేషన్ బీజేపీకి దగ్గరిది. రాజీవ్‌గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఫర్ కాంటెంపరరీ స్టడీస్ సోనియాగాంధీ అధ్యక్షతన ఉన్న ఫౌండేషన్‌ది. అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్ 1990లో రిలయన్స్ ఆసరాతో మొదలైంది. వీటిలో మంచి పరిశోధకులు లేరని కాదు. వాడుకున్నప్పుడు పక్కన ఆ ఒక్క ముక్క రాయండి.

ప్రభుత్వ గణాంకాల్లో విడుదల తేదీ కూడా ఒక సమాచారమే. 2017-18 ఉద్యోగ సర్వేలో నిరుద్యోగం 6.1 శాతమని తేలింది. అది 2019 జనవరిలో ఒక పత్రికకు లీకైంది. ప్రభుత్వం అధికారికంగా విడుదల చేసింది మే 31న, లోక్‌సభ ఫలితాలు వచ్చాక. విమర్శకులు 45 ఏళ్లలో ఇదే ఎక్కువ అన్నారు. సర్వే పద్ధతి మారింది కాబట్టి పాతవాటితో పోల్చకూడదని ప్రభుత్వం అంది. ఇక్కడ ఇద్దరి మాటా రాయాలి. పద్ధతిలో ఏం మారిందో సర్వే నివేదికలో ఉన్న వివరం చదివి రాస్తే ఇంకా మంచిది. అలా చదివి వచ్చిన విద్యార్థికి నేను మార్కులు ఆలోచించకుండా వేస్తాను.

పెయిడ్ న్యూస్, యూట్యూబ్, ఏఐ

2009 ఎన్నికల తర్వాత డబ్బిచ్చి వేయించుకున్న వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది. అందులో ఇద్దరే సభ్యులు, పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి. వాళ్లు పేర్లతో సహా రాసిన నివేదికను 2010లో కౌన్సిల్ పూర్తిగా బయటపెట్టలేదు, కుదించినదే విడుదల చేసింది. సమాచార కమిషన్ ఆదేశంతో 2011లో అసలుది వెలుగులోకి వచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, తప్పక చదవండి. ఎన్నికల నెలలో విలేకరి పేరు లేకుండా, ప్రత్యర్థి పేరెత్తకుండా, అభ్యర్థి చేసిన సేవలన్నీ ఏకరువు పెట్టే అరపేజీ వార్తలను ప్రాజెక్టుకు వాడకండి. అవే వాక్యాలు ఇంకో పేపర్లో కూడా కనబడితే ఇక అనుమానమే అక్కర్లేదు.

యూట్యూబ్ విశ్లేషకుల్లో తెలివైనవాళ్లు ఉన్నారు. కానీ పేపరు అడుగున ఉండే ఆ ముద్రణ లైను అక్కడ ఉండదు, సవరణ వేసే అలవాటూ తక్కువ. అభిప్రాయంగా మాత్రమే ఉటంకించండి. ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే లేని పుస్తకాలకు, లేని వ్యాసాలకు పేజీ నంబర్లతో సహా పేర్లు చెప్పగలదు. అది ఇచ్చిన ప్రతి ఆధారాన్ని మీ కళ్లతో తెరిచి చూసిన తర్వాతే పట్టికలో చేర్చండి.

ఎనిమిదో పని: ప్రాజెక్టులో ఎలా రాయాలి

ఇంత చేసి చివరికి "కొన్ని పత్రికలు పక్షపాతంతో రాశాయి" అని ఒక వాక్యం రాస్తే ఏం లాభం. ఆధారాల పట్టికలో ప్రతి దాని పక్కన మూడు మాటలు చేర్చండి. ఎవరిది, ఈ అంశంలో వాళ్లకు ఏం ప్రయోజనం ఉంది, మీరు దేనికి వాడుకున్నారు. "సీపీఎం పత్రిక, కౌలు రైతుల సంఖ్యకు మాత్రమే" అని రాస్తే పరీక్షకుడికి మీరు కళ్లు తెరుచుకుని చదివారని తెలుస్తుంది.

రెండు పక్షాలు కొట్టుకుంటున్న చోట సగం సగం పంచి మధ్యలో నిలబడటం న్యాయం కాదు. ఒకవైపు పత్రం ఉండి, ఇంకోవైపు ఆరోపణ మాత్రమే ఉంటే ఆ సంగతే చెప్పాలి. ఆ అమ్మాయి రెండోసారి రాసుకొచ్చిన ప్రాజెక్టులోంచి ఒక పేరా ఆమె అనుమతితో ఇక్కడ పెడుతున్నాను. ఆధారాలు ఇరవై రెండు నుంచి ముప్పై ఒకటి అయ్యాయి, అందులో పదకొండు వాళ్లింట్లో ఎప్పుడూ రాని పేపరువి.

"మా కుటుంబం భూసమీకరణలో భూమి ఇచ్చింది కాబట్టి ఈ అంశంలో నాకు ప్రయోజనం ఉంది. రైతులు ఒప్పందంతోనే భూమి ఇచ్చారని చెప్పే పత్రికలు, ఒత్తిడి జరిగిందని చెప్పే పత్రికలు రెండూ చదివాను. మా ఊరి రైతు ఒకరి ఒప్పంద పత్రం నేను చూశాను. ఒత్తిడి గురించి ఇద్దరు అసైన్డ్ రైతులు నాతో నేరుగా మాట్లాడారు. ఈ రెండూ ఒకే ఊళ్లో జరిగాయి. ఎంతమందికి మొదటిది, ఎంతమందికి రెండోది అన్నది నా దగ్గరున్న ఆధారాలతో తేల్చలేను."